చెప్పకుండా ఇస్తారు, అడక్కుండా ఆపేస్తారు

“కడుపుతో ఉన్నావు గదా, ఇంకా ఆ పిచ్చి బిళ్ళలు మింగుతున్నావా? ఆపెయ్యి.”

గవర్నమెంటు ఆస్పత్రిలో గర్భిణుల ఓ.పి. దగ్గర ఈ మాట అనటానికి ఒక్క క్షణం చాలు. అన్నది హౌస్ సర్జన్ కావచ్చు, నర్సమ్మ కావచ్చు, ఊళ్ళో ఆర్.ఎం.పి. కావచ్చు. విన్నది మాత్రం నాట్లకూ కోతలకూ వెళ్ళే మాల తల్లి, రొయ్యల షెడ్డులో తలలు తీసే మాదిగ తల్లి. ఆమె “అలాగేనండి” అంటుంది. ఇంటికొచ్చి బిళ్ళల అట్ట చూరులో దోపేస్తుంది. ఎందుకు ఆపాలి, ఆపితే ఏమవుతుంది, బదులు ఏం వేసుకోవాలి అని ఆమె అడగదు. ఆమెకు ఎవరూ చెప్పరు.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. పెళ్ళికి ముందు అదే పిల్లకు మూర్ఛ వచ్చిందనో, మతి నిలకడ తప్పిందనో మందు రాసిచ్చారు. “అమ్మా, రేపు నీకు పెళ్ళయితే, పిల్లలు కావాలనుకుంటే, ముందుగా మా దగ్గరకు రా, ఈ బిళ్ళ మార్చాలి” అని ఆ రోజు ఎవరైనా అన్నారా? అనలేదు. చీటీ రాశారు, చేతిలో పెట్టారు, “నెక్స్ట్” అన్నారు.

ఇచ్చేటప్పుడు చెప్పరు. ఆపేటప్పుడు అడగరు. ఈ రెండూ వేర్వేరు తప్పులు కావు, ఒకటే తప్పు. మన ఆడవాళ్ళకు చెప్పినా అర్థం కాదు, అడిగినా జవాబు రాదు అనుకోవటమే ఆ తప్పు. ఈ తప్పు డాక్టర్ల చదువులోనే ఉంది. హౌస్ సర్జన్‌ను తయారుచేసే చోట దీన్ని సరిచేయకపోతే, మన తల్లులు అటు బిళ్ళ వల్లా చస్తారు, ఇటు బిళ్ళ ఆపినందు వల్లా చస్తారు.

బిళ్ళలన్నీ ఒకటి కాదు

మన పేటల్లో మతికి ఇచ్చే మందులన్నిటికీ ఒకటే పేరు: నిద్రబిళ్ళలు. కాని ఒక బిళ్ళకూ ఇంకో బిళ్ళకూ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది. ఆ తేడా సంఘం కార్యకర్తలకు తెలిసి ఉండాలి.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది సోడియం వాల్ప్రోయేట్. మూర్ఛకు ఇస్తారు. ఒకసారి ఉన్మాదం, ఒకసారి కుంగుబాటు వచ్చే బైపోలార్ జబ్బుకూ ఇస్తారు. అట్ట మీద వాల్పారిన్ అనో, ఎన్‌కోరేట్ అనో పేరుంటుంది. జబ్బుకు బాగా పనిచేసే మందే. కడుపుతో ఉన్న ఆడమనిషి వేసుకుంటే మాత్రం, పుట్టిన వందమంది బిడ్డల్లో సుమారు పదిమందికి పుట్టుకతోనే అవయవ లోపాలుంటాయి. మామూలుగా అది వందకు రెండో మూడో. వెన్ను మూసుకోకపోవడం, గుండెలో లోపం, పెదవి చీలిక లాంటివి. అంతటితో పోదు. వందకు 30 నుంచి 40 మంది పిల్లలకు ఎదుగుదలలో ఇబ్బందులుంటాయి. నడక ఆలస్యం, మాట ఆలస్యం, చదువు తలకెక్కకపోవడం. ఆ బిడ్డ బడికెళ్ళాక మేస్టారు ఏమంటాడు? “వీళ్ళకు చదువెక్కడ వస్తుంది?” అంటాడు. చెప్పకుండా ఇచ్చిన బిళ్ళ చేసిన పనిని కులం ఖాతాలో రాసేస్తాడు.

ఇంకో సంగతి. బిడ్డ వెన్ను, మెదడు తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అంటే నెల తప్పిందని తల్లికి తెలిసేసరికే ఆ పని అయిపోతుంది. మూడో నెలలో ఓ.పి.లో “ఆపెయ్యి” అని అరిస్తే ఆ నష్టం వెనక్కి రాదు. ఫోలిక్ యాసిడ్ బిళ్ళ వేసుకోవాలి, నిజమే. కాని దానివల్ల కూడా ఈ మందు ప్రమాదం పూర్తిగా పోదు. కాబట్టి చెప్పవలసిన రోజు మొదటి చీటీ రాసిన రోజు. పదహారేళ్ళ పిల్లకైనా, ఆమె తల్లికైనా చెప్పవలసింది ఆ రోజే.

ఇది ఎవరో కనిపెట్టని రహస్యం కాదు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్ళకు, ఆడపిల్లలకు ఈ మందు రాయవద్దని చెప్పింది. బ్రిటన్‌లో 2018 నుంచి కట్టుదిట్టం చేశారు. గర్భం రాకుండా ఏర్పాటు లేనిదే, ఏటేటా డాక్టరూ ఆమే కూర్చుని మాట్లాడుకుని సంతకాలు పెట్టనిదే ఈ మందు ఇవ్వరాదన్నారు. అక్కడ కూడా ఊరికే జరగలేదు. ఈ మందు వల్ల దెబ్బతిన్న బిడ్డల తల్లులు ఏళ్ళ తరబడి కొట్లాడారు. 2020లో కంబర్లెజ్ అనే ఆవిడ అధ్యక్షతన వేసిన విచారణ నివేదిక వచ్చింది. ప్రమాదం గురించి తెలిసి కూడా ఆ మాట ఆడవాళ్ళ దాకా రాలేదని అది తేల్చింది. తెల్లతోలు తల్లులకే చెప్పనివాళ్ళు లంక గ్రామాల దళిత తల్లికి వాళ్ళంతట వాళ్ళే చెబుతారా?

కాని అన్ని బిళ్ళలూ వాల్ప్రోయేట్ కావు. లిథియం ఉంది. మొదటి మూడు నెలల్లో బిడ్డ గుండెకు కొంత ప్రమాదం ఉంది, అయితే పూర్వం భయపెట్టినంత లేదు. రక్తపరీక్ష చేస్తూ, మోతాదు చూసుకుంటూ వాడదగ్గ తల్లులు ఉన్నారు. ఎప్పటినుంచో వాడుకలో ఉన్న హాలోపెరిడాల్ ఉంది. కుంగుబాటుకు ఇచ్చే సెర్‌ట్రలిన్ ఉంది. వీటితో గర్భాన్ని క్షేమంగా దాటిన తల్లులు లోకంలో లక్షల్లో ఉన్నారు. డయాజిపామ్ లాంటి అసలైన నిద్రబిళ్ళలు పురిటి రోజుల్లో ఎక్కువగా వేస్తే పుట్టిన బిడ్డ వాలిపోయి, పాలు పట్టక ఇబ్బంది పడొచ్చు. ఏ బిళ్ళ, ఎన్నో నెల, ఎంత మోతాదు, తల్లి జబ్బు ఎంత బలమైనది – ఈ నాలుగూ చూడకుండా “అన్నీ ఆపెయ్యి” అనేవాడు వైద్యం చేయటం లేదు. తన మీదకు రాకుండా తప్పుకుంటున్నాడు.

ఆపేస్తే ఏమవుతుంది?

2007లో అమెరికాలో ఒక పరిశీలన అచ్చయింది. బైపోలార్ జబ్బు ఉన్న 89 మంది గర్భిణులను చూశారు. మందు ఆపేసినవాళ్ళలో వందకు 85 మందికి గర్భంలోనే జబ్బు తిరగబెట్టింది. వాడుతూ ఉన్నవాళ్ళలో వందకు 37 మందికి. అక్కడి ఆడవాళ్ళకు డాక్టరు ఫోన్ దూరంలో ఉంటాడు. మన తల్లికి? రేవు దాటి, ఆటో ఎక్కి, బస్సు పట్టుకుని కాకినాడ చేరితే ఒక రోజు కూలి పోతుంది. తోడు వచ్చినవాడి కూలి కూడా పోతుంది.

జబ్బు తిరగబెడితే ఏమవుతుందో మనకు తెలుసు. నిద్ర ఉండదు, తిండి ఉండదు, ఐరన్ బిళ్ళ కూడా వేసుకోదు, చెకప్‌కు రాదు. మొగుడు కొడతాడు. అత్త “గాలి సోకింది” అంటుంది. భూతవైద్యుడు వేపమండలతో బాదుతాడు. మన క్రైస్తవ పేటల్లో ఉపవాస ప్రార్థనకు కూర్చోబెడతారు. ప్రార్థన చేసుకోండి, ఎవరూ కాదనరు. బిళ్ళ మాన్పించి ప్రార్థన చేయించే పాస్టరుగారిని మాత్రం మనమే నిలబెట్టి అడగాలి.

పురుడు అయ్యాక ప్రమాదం ఇంకా పెరుగుతుంది. వెయ్యిమంది బాలింతల్లో ఒకరికో ఇద్దరికో మొదటి రెండు వారాల్లో మతి పూర్తిగా చెదిరే జబ్బు వస్తుంది. ముందే బైపోలార్ ఉన్న తల్లికైతే అయిదుగురిలో ఒకరికి రావచ్చు. నిద్ర పట్టదు, ఏవో మాటలు వినిపిస్తాయి, బిడ్డ తన బిడ్డే కాదంటుంది. పాము కాటుకు పరిగెత్తినట్టే దానికీ ఆస్పత్రికి పరిగెత్తాలి. ఇక మామూలు కుంగుబాటు సంగతి చెప్పక్కర్లేదు. మన దేశంలో జరిగిన పరిశీలనలన్నీ కలిపి 2017లో లెక్క తీస్తే బాలింతల్లో వందకు 22 మంది దాకా కుంగుబాటుతో ఉన్నారు.

వీళ్ళలో ఎంతమంది కాలవలో దూకారు, ఎంతమంది పొలం గట్టు మీది పురుగుమందు తాగారు? లెక్క దొరకదు. ఎందుకంటే ప్రభుత్వం దృష్టిలో మాతృమరణం అంటే పురుడైన 42 రోజుల్లోపు పోవడం. మూడో నెలలో కాలవలో తేలిన తల్లి మాతృమరణం కాదు, పోలీసు కేసు. “కడుపునొప్పి భరించలేక” అని పంచనామాలో రాసుకుంటారు. బ్రిటన్‌లో ప్రతి తల్లి చావునూ ఏడాది దాకా విచారిస్తారు. ఆరు వారాల తర్వాత ఏడాది లోపు పోయిన తల్లుల మరణాలకు ఆత్మహత్య పెద్ద కారణమని అలా బయటపడింది. లెక్క పెట్టిన చోట తెలిసింది. మన దగ్గర లెక్కే లేదు.

కాబట్టి సంఘం అక్కలకూ అన్నలకూ ఒక్క మాట. ఇది చదివి మీ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల బిళ్ళలు మీరు ఆపించొద్దు. వాల్ప్రోయేట్ అయినా సరే, టక్కున ఆపితే మూర్ఛలు ఆగకుండా వచ్చి ప్రాణం పోవచ్చు. అట్ట తీసుకుని, పిల్లను తీసుకుని, ఆ వారంలోనే మతి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మార్చవలసింది ఆయన చేతనే మార్పించండి.

కత్తికి చదువుంది, మాటకు లేదు

ఇప్పుడు ఆ హౌస్ సర్జన్ సంగతి. అతను మన శత్రువు కాదు. నాలుగున్నరేళ్ళు చదివి, ఏడాది పాటు ఆస్పత్రిలో పని నేర్చుకునే కుర్రాడు, లేదా అమ్మాయి. 2021లో జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన నిబంధనల ప్రకారం ఆ ఏడాదిలో సర్జరీకి ఆరు వారాలు, పురుళ్ళ వార్డుకు ఏడు వారాలు, మానసిక వైద్యానికి రెండు వారాలు. రెండు వారాలు! ఆ రెండు వారాల్లో గర్భిణికి మతి మందు ఎలా ఇవ్వాలో చూసే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది? చూడనివాడు భయపడతాడు. భయపడ్డవాడు “ఆపెయ్యి” అంటాడు.

అసలు పేర్లు చూడండి. ఏడాది నేర్చుకునేవాడు హౌస్ సర్జన్. సర్కారు కొలువులో చేరిన డాక్టరు సివిల్ అసిస్టెంట్ సర్జన్. జ్వరానికి బిళ్ళ ఇచ్చేవాడి పేరులో కూడా సర్జన్ ఉంటాడు. తెల్లదొరల కాలం నుంచి వస్తున్న పేరు ఇది. ఈ చదువులో కత్తికే గౌరవం. ఎన్ని సిజేరియన్లు చేశావు, ఎన్ని కుట్లు వేశావు అని అడుగుతారు. ఎంతమంది తల్లులకు అర్థమయ్యేట్టు చెప్పావని ఎవరూ అడగరు. 2019లో వచ్చిన కొత్త ఎం.బి.బి.ఎస్. సిలబస్‌లో రోగితో మాట్లాడటం కూడా పాఠంగా పెట్టారు. మంచిదే. కాని పాఠం పుస్తకంలో ఉండటం వేరు, ఓ.పి.లో ఉండటం వేరు. పెద్ద డాక్టరు తల్లిని “ఏయ్, కదలకు” అంటుంటే పక్కన నిలబడ్డ కుర్రాడు నేర్చుకునేది పుస్తకంలోది కాదు.

మరి వాళ్ళు ఎవరి ఒంటి మీద నేర్చుకుంటున్నారు? 1958లో పుట్టిన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ నుంచి 2023లో తెరిచిన రాజమండ్రి, ఏలూరు గవర్నమెంటు కాలేజీల దాకా, మొదటి కుట్టు, మొదటి కోత ఎవరి మీద పడుతున్నాయి? ఆసామి ఇంటి కోడలు ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు వెళ్తుంది. పెద్దాస్పత్రి జనరల్ వార్డులో పడుకునేది మనమూ, మనలాంటి బీదవాళ్ళూ. ఈ రెండు జిల్లాల్లో పేరుమోసిన సర్జన్ చేతి నైపుణ్యంలో మన పేటల నెత్తురు ఉంది.

నేర్చుకోవద్దని మనం అనటం లేదు. ఎవడూ తల్లి కడుపులోంచి సర్జన్‌గా ఊడిపడడు. మన మీద నేర్చుకున్నదానికి మనకు దక్కవలసిన మూడు మాత్రం అడుగుతున్నాం. పక్కన సీనియర్ ఉండాలి. కోసేది ఎవరో, ఎందుకో తెలుగులో చెప్పాలి. మనిషిని మనిషిగా చూడాలి.

ఇది మన గోల ఒక్కటే కాదు. ఆడవాళ్ళ ఆపరేషన్లకు పితామహుడని పుస్తకాల్లో రాసుకున్న మేరియన్ సిమ్స్ అనే అమెరికా డాక్టరు ఎలా నేర్చుకున్నాడు? 1845 నుంచి 1849 వరకు అలబామాలో నల్లజాతి బానిస ఆడవాళ్ళ మీద కోసి నేర్చుకున్నాడు. కష్టమైన పురుళ్ళలో లోపల చిరిగి, మూత్రం కారుతూ ఉండే తల్లులు వాళ్ళు. మత్తు ఇవ్వలేదు. అనార్కా అనే ఒక్క తల్లిని సుమారు ముప్పైసార్లు కోశాడు. బెట్సీ, లూసీ అని ఇంకో ఇద్దరి పేర్లు కూడా మిగిలాయి. వాళ్ళ ఒప్పుకోలు అడగక్కర్లేదు, వాళ్ళ యజమాని ఒప్పుకుంటే చాలు. ఆ విద్య తర్వాత తెల్లదొరసానులకు మత్తు ఇచ్చి మరీ పనికొచ్చింది. న్యూయార్క్ పార్కులో ఉన్న అతని విగ్రహాన్ని 2018 ఏప్రిల్‌లో తీసేశారు. 2021లో అదే అలబామాలోని మాంట్‌గొమరీలో అనార్కా, బెట్సీ, లూసీల విగ్రహాలు లేచాయి. విగ్రహం విలువ మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2017లో గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం కోసం వెలి భరించిన జిల్లా మనది.

మన దేశంలో కూడా కత్తీ, మతీ కలిసిన చోట ఇదే జరిగింది. 1994లో శిరూర్ ప్రభుత్వ వసతి గృహంలో ఉన్న బుద్ధిమాంద్యం ఆడపిల్లలకు పుణె ససూన్ ఆస్పత్రిలో గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత వాళ్ళు చూసుకోలేరన్నది చెప్పిన కారణం. ఆ పిల్లలను అడిగినవాడు లేడు.

పిచ్చాస్పత్రి భయం

మన జనం మతి డాక్టరు దగ్గరకు వెళ్ళరు అని ఓ.పి.లో విసుక్కుంటారు. ఎందుకు వెళ్తారు? ఈ కోస్తాకంతటికీ పెద్ద మానసిక ఆస్పత్రి విశాఖలో ఉంది. 1871 నాటిది. తెల్లవాడు దాన్ని పిచ్చివాళ్ళను బంధించే చోటుగా కట్టాడు. ఆ పేరు ఇంకా పోలేదు.

అదీగాక, 2020 మే 16న విశాఖ రోడ్డు మీద ఏం జరిగిందో మన జనం టీవీల్లో చూశారు. నర్సీపట్నం ఆస్పత్రిలో మత్తు డాక్టరు సుధాకర్, దళితుడు. మాస్కులు లేవని నోరు విప్పాడు, సస్పెండ్ అయ్యాడు. ఆ రోజు పోలీసులు ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టి, చొక్కా లేకుండా ఈడ్చుకెళ్ళారు. చివరికి తేలింది ఆ మానసిక ఆస్పత్రిలోనే. అక్కడి మందుల మీద ఆయన అభ్యంతరం చెప్పుకోవలసి వచ్చింది. హైకోర్టు కలగజేసుకుని సి.బి.ఐ. విచారణ వేసింది. 2021 మే 21న ఆయన గుండెపోటుతో పోయాడు. రాజకీయాలు ఎవరివి వాళ్ళు మాట్లాడుకున్నారు. మనకు మిగిలిన ప్రశ్న ఒకటే. చదువుకున్న దళిత డాక్టరునే “నీకు మతి లేదు” అని కట్టేసి తీసుకెళ్ళగలిగితే, కడుపుతో ఉన్న మాదిగ పిల్ల ఆ గేటు దగ్గరకు ధైర్యంగా ఎలా వెళ్తుంది?

ఈ భయం తిడితే పోదు. నమ్మకం కలిగిస్తే పోతుంది. బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2009లో తల్లీబిడ్డల వార్డు పెట్టారు. మతి చెదిరిన బాలింతను బిడ్డతో సహా చేర్చుకుని, బిడ్డకు పాలు పట్టిస్తూనే వైద్యం చేస్తారు. అలాంటి వార్డు మన గోదావరి జిల్లాల బోధనాస్పత్రుల్లో కూడా ఉండాలి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. కావలసింది కొన్ని మంచాలు, కొందరు నర్సులు, మనసు.

మన పిల్లలు ఆపరేషన్ బల్ల దగ్గరకు చేరాలి

మన తల్లి భాష తెలిసిన డాక్టరు ఉంటే సగం భయం తగ్గుతుంది. అందుకే మన పిల్లలు డాక్టర్లు కావాలి. అయితే వాళ్ళను ఏం చేస్తున్నారు?

పాయల్ తడ్వి, ముంబైలో నాయర్ ఆస్పత్రి కాలేజీలో పురుళ్ళ వైద్యం పి.జి. చదివే ఆదివాసీ బిడ్డ. 2019 మే 22న ఉరి వేసుకుంది. కులం పేరుతో సీనియర్లు వేధించారని, పురుళ్ళు, ఆపరేషన్లు చేయనివ్వకుండా పక్కన పెట్టారని ఆరోపణ. ముగ్గురు సీనియర్ల మీద కేసు నడిచింది. ఆమె తల్లీ, మన గుంటూరు బిడ్డ రోహిత్ వేముల తల్లీ కలిసి ఆ ఏడాదే సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో మత్తు వైద్యం పి.జి. మొదటి ఏడాది చదివే లంబాడీ బిడ్డ ప్రీతి ప్రాణం పోయింది. సీనియర్ వేధింపుల కేసు, అట్రాసిటీ కేసు పెట్టారు.

సర్జన్ చదువు పుస్తకంతో రాదు, చేత్తో వస్తుంది. సీనియర్ కత్తి చేతికిస్తేనే జూనియర్ నేర్చుకుంటాడు. ఇవ్వకపోతే మూడేళ్ళూ చీటీలు మోసి, రక్తం సీసాలు మోసి బయటికొస్తాడు. అప్పుడు “రిజర్వేషన్ డాక్టరు, చేత కాదు” అంటారు. చేతకానివ్వనిది ఎవరు? పూర్వం ఏకలవ్యుడి బొటనవేలు కోసి తీసుకున్నారు. ఇప్పుడు వేలు ఉంచి, పని ఇవ్వరు.

అసలు కాలేజీ గుమ్మం దాకా రావటమే కష్టమవుతోంది. 2023లో రాజమండ్రి, ఏలూరుతో సహా కొత్తగా తెరిచిన గవర్నమెంటు కాలేజీల్లో రాష్ట్రం నింపే సీట్లలో సగం అమ్మకానికి పెట్టారు. ఏడాదికి 12 లక్షల రూపాయల సీట్లు కొన్ని, 20 లక్షల ఎన్.ఆర్.ఐ. సీట్లు కొన్ని. గవర్నమెంటు బోర్డు కింద ప్రైవేటు కొట్టు! 2025లో పాలకొల్లు, అమలాపురం కాలేజీలను ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఒక ప్రభుత్వం సగం అమ్మింది, ఇంకో ప్రభుత్వం భాగస్వామిని వెతికింది. నేర్చుకోవటానికి ఒళ్ళు మనది, సీటు డబ్బున్నవాడిది.

ఒక మాట మాత్రం మనలో మనం అనుకోవాలి. డాక్టరు మనవాడైతే చాలదు. రెండు వారాల చదువుతో మన కుర్రాడైనా “ఆపెయ్యి” అనే అంటాడు. వరసగా ముప్పై గంటలు డ్యూటీ చేసి, నిద్ర లేక, అన్నం లేక ఉన్నవాడు ఎవడైనా అరుస్తాడు. 2024లో వైద్య కమిషన్ వేసిన కమిటీయే రెసిడెంట్ల చేత వారానికి 74 గంటలకు మించి చేయించవద్దని చెప్పవలసి వచ్చింది. కాబట్టి జూనియర్ డాక్టర్లు పని గంటల కోసం సమ్మె చేసినప్పుడు మనం వాళ్ళ పక్కన నిలబడదాం. మన తల్లులకు నోరారా చెప్పాలన్నప్పుడు వాళ్ళు మన పక్కన నిలబడాలి.

చట్టంలో ఉన్నది, మనం అడగవలసింది

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. సంఘం ఆఫీసులో ఈ కాగితం గోడకు అంటించుకోండి.

18వ సెక్షన్: జాబితాలో ఉన్న మతి మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పై ఆస్పత్రులన్నిటిలో ఎప్పుడూ ఉచితంగా ఉండాలి.

21వ సెక్షన్: వైద్యం పొందే తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా విడదీయరాదు.

22వ సెక్షన్: ఏ జబ్బు, ఏ మందు, దానివల్ల వచ్చే చెడు ఏమిటి అన్నది రోగికి చెప్పి తీరాలి.

5వ సెక్షన్: నాకు మతి తప్పితే ఈ వైద్యం చేయండి, ఇది చేయొద్దు అని బాగున్న రోజునే రాసి పెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే మనిషిని 14వ సెక్షన్ కింద పెట్టుకోవచ్చు. కడుపుతో ఉన్న పిల్ల పురిటికి ముందే ఇవి రాయించుకోవాలి.

95వ సెక్షన్: మతి జబ్బుకు వైద్యం పేరుతో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయరాదు. గొలుసులతో కట్టరాదు.

కాగితం మీద ఇంత ఉంది. దీన్ని ఓ.పి. దాకా దించటానికి మన డిమాండ్లు ఇవి:

1. కాకినాడ, రాజమండ్రి, ఏలూరు బోధనాస్పత్రుల్లో వారానికి ఒకరోజు పురుళ్ళ డాక్టరూ మతి డాక్టరూ కలిసి కూర్చునే ఓ.పి. పెట్టాలి. ప్రతి హౌస్ సర్జన్, ప్రతి పురుళ్ళ పి.జి. అందులో కూర్చుని నేర్చుకోవాలి.

2. పిల్లలు కనే వయసు ఆడవాళ్ళకు వాల్ప్రోయేట్ రాస్తే, ఎందుకు వేరే మందు పనికిరాలేదో కేసు షీటులో రాయాలి. ప్రమాదం సంగతి తెలుగులో అచ్చువేసిన కాగితం చేతికిచ్చి, చదివి వినిపించాలి.

3. తల్లీబిడ్డ కార్డు రాసేటప్పుడే, ముందు మతి జబ్బు ఉందా, ఏ బిళ్ళ వాడుతున్నావు అని ఎ.ఎన్.ఎం. అడగాలి. పురుడైన ఏడాది దాకా ప్రతి తల్లి చావునూ విచారించాలి.

4. నేర్చుకునే డాక్టరు ఆపరేషన్ చేస్తే, పక్కన ఉన్న సీనియర్ పేరు షీటులో ఉండాలి.

5. ప్రతి పి.జి. ఎన్ని ఆపరేషన్లు స్వయంగా చేశాడో లాగ్ బుక్‌లో ఉంటుంది. ఆ లెక్కను ఎస్.సి., ఎస్.టి. సెల్ ముందు ఆరు నెలలకోసారి పెట్టాలి. ఎవరికి కత్తి ఇస్తున్నారో, ఎవరికి చీటీలు ఇస్తున్నారో తేలిపోతుంది.

ఈలోగా మనం చేయగలిగింది ఉంది. ప్రతి పేటలో ఒక అక్క ముందుకు రావాలి. బిళ్ళలు వాడే ఆడపిల్లలతో మాట్లాడి, వాళ్ళు ఒప్పుకుంటేనే, ఊళ్ళో చాటింపు కాకుండా, వాళ్ళ వెంట ఆస్పత్రికి వెళ్ళాలి. పాత చీటీలు, ఖాళీ అట్టలు పారేయనివ్వకూడదు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలిమానస్ వాళ్ళు తెలుగులో, డబ్బు లేకుండా మాట్లాడతారు. అది 2022 అక్టోబరులో పెట్టిన ప్రభుత్వ నంబరు. బాలింతకు రెండు రాత్రులు వరసగా నిద్ర పట్టకపోయినా, వింతగా మాట్లాడినా, తెల్లారే దాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.

1928లోనే బాబాసాహెబ్ అంబేడ్కర్ బొంబాయి శాసనమండలిలో కూలి తల్లుల ప్రసూతి సౌకర్యాల బిల్లుకు మద్దతుగా మాట్లాడాడు. పురిటి భారం తల్లి ఒక్కదాని మీద వదిలేయకూడదన్నది అప్పటి వాదన. ఇప్పటి వాదన కూడా అదే. ఓ.పి. బల్లకు అటువైపు ఉన్నవాడు ఒక్క క్షణంలో “ఆపెయ్యి” అంటే, ఆ తర్వాత ఏడాదంతా భరించేది ఇటువైపు ఉన్న తల్లి. వచ్చే నెల చెకప్ రోజున ఆమె ఒంటరిగా వెళ్ళకూడదు. మనలో ఒకరు పక్కన నిలబడి, “ఎందుకు ఆపాలండి? ఆపితే ఏమవుతుందండి? బదులు ఏమిస్తారండి?” అని అడగాలి. ఈ మూడు ప్రశ్నలూ అడగటానికి డాక్టరు చదువు అక్కర్లేదు.